డార్క్‌రూమ్‌లో దాక్కున్న గడ్డం మామ

మా వీధిలో అందరూ ఆయన్ని గడ్డం మామ అంటారు. ఆయనకు గడ్డం లేదు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి నున్నగా గీసుకోనిదే మేడ దిగడు. స్టూలు మీద కూర్చోబెట్టిన ప్రతి మనిషితోనూ "గడ్డం కాస్త దించండి. అంత కాదు, కాస్త ఎత్తండి" అంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. నెలల పిల్లకు కూడా అదే మాట చెబుతాడు. పిల్ల వినకపోతే తల్లి వైపు కోపంగా చూస్తాడు.

ఆయన ఫోటో స్టూడియో మా కొట్టు పక్కనే. ముందు గదిలో కంప్యూటరు, తెల్ల తెర, గొడుగు లైట్లు ఉంటాయి. అక్కడ కూతురిదే రాజ్యం. ఇప్పుడు జనం ఎక్కువగా వచ్చేది పాస్‌పోర్టు ఫోటోలకే. వెనక గది మామది. ఆ గది గుమ్మానికి ఒకదాని వెనక ఒకటి రెండు నల్ల తెరలు వేలాడుతుంటాయి. మొదటిది దాటి, అది మూసుకున్నాకే రెండోది తీయాలి. లోపల మందు నీళ్ళ ట్రేలు మూడు, వాటిలో మొదటిది కాగితం మీద బొమ్మను లేపే డెవలపర్‌ది, ఒక తొట్టి, తీగ మీద ఆరేసిన కాగితాలు, ఒక ఎర్ర దీపం. అదే డార్క్‌రూమ్. పాత నెగటివులు పట్టుకుని ఇంకా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళకు నలుపు తెలుపు బొమ్మలు ఆయన చేత్తోనే తీసి ఇస్తాడు.

ఆ దీపం సంగతి ముందే చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. ఫోటో కాగితానికి తెల్ల వెలుతురు పగ. రెప్పపాటు తగిలినా చాలు, కాగితం పాడైపోతుంది. ఎర్ర వెలుతురు మాత్రం ఆ కాగితం కంట పడదు. ఎంతసేపు పడినా దానికి ఏమీ కాదు. అందుకే ఆ గదుల్లో ఎర్ర దీపమే పెడతారు. మామకు పని నేర్పిన గురువు మొదటిరోజే చెప్పాడట: "తెల్లది దొంగ, ఎర్రది మన ఇంటి మనిషిరా. దాని ముందు ఏదైనా విప్పొచ్చు." మామ ఆ మాటను బతుకంతా నమ్మాడు. పెళ్ళయి వచ్చిన అత్తకూ అదే నేర్పాడు. బొమ్మల మీద పడిన తెల్ల చుక్కల్ని సన్న కుంచెతో పూడ్చే పని అత్తది. వాళ్ళమ్మాయి చిన్నప్పుడు ఆ ఎర్ర వెలుతురులోనే కూర్చుని ఎక్కాలు చదువుకునేది. ఆ ఇంట్లో ముగ్గురికీ ఎరుపంటే భయం లేని రంగు.

జబ్బు మొదట దొంగలా వచ్చింది. దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం కనపడితే, మొలలు కాబోలని మందుల కొట్లో ఏదో పూత మందు కొనుక్కుని మామ ఊరుకున్నాడు. అత్తకు తెలిసిన తీరు ఆవిడే నాకు చెప్పింది. పెళ్ళయినప్పటి నుంచీ జేబురుమాలు కూడా ఉతకని మనిషి, ఉన్నట్టుండి తన లోబట్టలు తనే ఉతుక్కోవడం మొదలెట్టాడట. మొదట మురిసిపోయిందట ఆవిడ. తర్వాత గుండె జారిందట.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది.

"అప్పట్నుంచే."

"ఏ అప్పట్నుంచండీ?"

మర్నాడు కూతురు ఇద్దర్నీ ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

పెద్ద పేగు చివర, బయటికి దగ్గర్లోనే, ఒక పుండులాంటి గడ్డ ఉంది. కాన్సరు. ఆ భాగం కోసి తీసేయడమే మామూలు పద్ధతి అని డాక్టరమ్మ చెప్పింది. అయితే మామకు అంతకుముందే ఒకసారి గుండెపోటు వచ్చి పోయింది. ఆ గుండె పెద్ద ఆపరేషన్ తట్టుకోగలదో లేదో చూడమని మత్తు డాక్టర్ని పిలిచారు. ఆయన కాగితాలన్నీ తిరగేసి, "టేబులు ఎక్కించడం మా చేతిలో పనే. దింపడం గురించి మాత్రం నేను మాటివ్వలేను" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు అత్త కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుందట. మామ మాత్రం ఆ డాక్టరు ముఖం మీద వెలుతురు ఏ పక్క నుంచి పడుతోందో చూస్తూ కూర్చున్నాడట. భయం వేసినప్పుడల్లా తను చేసేది అదేనన్నాడు.

అప్పుడు డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. ఇది అందరికీ, అన్నిచోట్లా చేసేది కాదు, ఇంకా నేర్చుకుంటూ చేస్తున్న వైద్యం అని ముందే చెప్పింది. వెలుతురు తగిలితే మేలుకునే మందులు కొన్ని ఉన్నాయి. ఒంట్లోకి వెళ్ళాక అవి మంచి కండ కన్నా చెడ్డ కండలో ఎక్కువగా పోగుపడతాయి. వాటితో రెండు పనులు చేయొచ్చు. ఒక రకం మందు తాగించి, కెమెరా గొట్టంతో లోపల నీలం వెలుతురు వేస్తే, చెడ్డ చోటు ఎర్రగా మెరిసి తనను తానే పట్టిస్తుంది. ఇంకో రకం సూదిమందు ఉంది. అది ఎక్కించి, రెండు రోజులు ఆగి, వెంట్రుక మందం గాజు దారం చివర వెలుతురు పెట్టి ఆ గడ్డ మీద వేస్తే, మందు మేలుకుని తను కూర్చున్న కండను చంపేస్తుంది. కోత లేదు, పెద్ద మత్తు లేదు.

మొదటి పనికి మామ సంబరంగానే వెళ్ళాడు. పక్కకు తిరిగి పడుకుని తన పేగును తనే తెర మీద చూశాడు. మామూలు తెల్ల వెలుతురులో గడ్డ ఒక్కటే కనపడింది. డాక్టరమ్మ నీలానికి మార్చగానే అది నివురు ఊదిన నిప్పులా లేచింది. దానికి కాస్త పక్కనే, అంతవరకూ ఎవరికీ కనపడని మరో చిన్న ముక్క కూడా మెరిసింది.

"దీన్ని మామూలు లైటులో మేం చూడలేకపోయాం" అంది డాక్టరమ్మ.

"డెవలపర్‌లో వేశారు కదమ్మా, బొమ్మ లేచింది" అన్నాడు మామ.

డాక్టరమ్మ నవ్వింది. ఆయనా నవ్వాడు. కాస్త ఆగాక అది ఎవరి బొమ్మో గుర్తొచ్చి నవ్వు ఆపేశాడట.

వారం తిరక్కుండానే సూదిమందు ఎక్కించారు. సాయంకాలం ఎండ తగ్గాక ఇంటికి పంపుతూ నర్సు జాగ్రత్తలు చెప్పింది. పెద్ద వయసు మనిషి, నెమ్మదిగా చెప్పే మనిషి. మందు చర్మంలో కూడా ఉంటుంది కాబట్టి నెల పైన ఎండలోకి రాకూడదు. కిటికీ దగ్గర కూర్చోకూడదు. పెద్ద లైట్ల దగ్గరికి పోకూడదు. బయటికి వస్తే టోపీ, నల్ల కళ్ళద్దాలు, చేతులకు తొడుగులు వేసుకోవాలి. అలాగని చీకట్లో మగ్గిపోనక్కర్లేదు, ఇంట్లో మామూలుగా ఉండే మసక వెలుతురు మంచిదే. ఎల్లుండి పొద్దున లోపల లైటు వేయడానికి వచ్చేయాలి. ఆ రోజు తప్పిపోతే మందు గడ్డలోంచి పలచబడిపోతుంది. వెంటనే మళ్ళీ ఎక్కించడానికి కుదరదు, చాన్నాళ్ళు ఆగాలి. గడ్డ మాత్రం అన్నాళ్ళూ చేతులు కట్టుకుని కూర్చోదు.

నర్సు చెప్పిన మాటల్ని ముగ్గురూ శ్రద్ధగానే విన్నారు. కాని ఫోటో వాళ్ళ చెవులతో విన్నారు.

"అంటే నాన్న ఇప్పుడు విప్పిన ఫోటో పేపరు ప్యాకెట్టన్నమాట" అంది కూతురు కారులో.

"తెలిసిన పనే కదా" అంది అత్త. జబ్బు బయటపడ్డాక ఆవిడ గొంతు కాస్త తేలికపడటం అదే మొదటిసారట.

మర్నాడు పొద్దున మేడ మీద యుద్ధం మొదలైంది. ఆ ఇంటికి కిటికీలు ఎక్కువ. అత్త వాటికి దుప్పట్లు కట్టింది. దుప్పటికీ గోడకీ మధ్య సందుల్లో నల్ల కాగితం అంటించింది. ఎండ ఒక చోట మూస్తే ఇంకో చోటు నుంచి దూరుతోంది. తలుపు కింద నుంచి వస్తోంది, వంటగది వెంటిలేటర్ల నుంచి వస్తోంది. మామను మంచం ఈ పక్క నుంచి ఆ పక్కకు, అక్కడి నుంచి నడవాలోకి తిప్పింది. ఆయన టోపీ, నల్లద్దాలు, చేతితొడుగులు వేసుకుని, దొంగతనానికి బయల్దేరిన పెద్దమనిషిలా ఆవిడ వెనకే తిరిగాడు.

"ఇల్లు కాదిది, జల్లెడ" అన్నాడు చివరికి.

అత్త చేతిలో కత్తెర పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. "కింద అంత మంచి డార్క్‌రూమ్ పెట్టుకుని, ఇక్కడ ఈ గుడ్డలతో మనకెందుకండీ కుస్తీ?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారట, ఇంత తేలిక మాట ఇంతసేపు తట్టనందుకు. చీమ కన్నంత వెలుతురు కూడా దూరని గది, ఆయన చేత్తో కట్టుకున్న గది. ప్రపంచంలో అంతకంటే భద్రమైన చోటు ఆ ఇంట్లో వాళ్ళకు తెలియదు.

మామ కళ్ళకు శుక్లాలు మొదలయ్యాయి. చిన్న ఎర్ర బల్బు వెలుతురు చాలక కళ్ళు లాక్కుంటాయి. పగలంతా అక్కడే ఉండాలి కదా అని అత్త స్టూలెక్కి, అటక మీది పెద్ద ఎర్ర దీపం దించి, తుడిచి, బల్ల మీదికి బాగా కిందికి వేలాడదీసింది. ఎంత పెద్దదైనా ఎరుపే కదా. "ఇప్పుడు హాయిగా కనపడుతుంది, కూర్చోండి" అంది.

ఆయన హాయిగానే కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. బేకరీ వాళ్ళ తాతగారి నెగటివు ఒకటి ఎప్పటి నుంచో ఉండిపోయింది, అది తీశాడు. తడి కాగితం వేళ్ళకు తెలియాలి కాబట్టి చేతితొడుగులు తీసి పక్కన పెట్టాడు. ఒక బొమ్మ తీశాడు, నచ్చలేదు. ఇంకోటి తీశాడు. మధ్యాహ్నం అత్త కంచం లోపలికే తెచ్చి, తనూ ఆ ఎర్ర వెలుతురులో కాసేపు కూర్చుంది. రేపటి మాట ఇద్దరూ ఎత్తలేదు. బేకరీ తాతగారి మీసం ఒక పక్క ఎత్తుగా ఎందుకుందో అని మాట్లాడుకున్నారు.

చేతులు చురచురమంటున్నాయని ఆయనకు అప్పటికే తెలుసు. మందుల నీళ్ళ పని, చురుక్కుమనడం మామూలే అనుకుని కడుక్కుని మళ్ళీ పని చేశాడు. పైకి చూస్తే ఏమీ లేదు మరి. ఎర్ర వెలుతురు కింద ఎర్రదనం కనపడదు. ఎర్ర సిరాతో రాసిన అక్షరాలు కూడా ఆ గదిలో మాయమైపోతాయి. అది ఆయన ఎన్నోసార్లు పిల్లలకు గారడీలా చూపించిన సంగతే.

సాయంత్రం, చీకటి పడబోతుండగా, కూతురు ముందు గది లైట్లన్నీ ఆర్పి నాన్నను బయటికి పిలిచింది. కంప్యూటరు తెర ఒక్కటే వెలుగుతోంది. ఆయన నల్ల తెరలు తప్పించుకుని రాగానే ఆ కాస్త వెలుతురులో ఆ పిల్ల చూసింది.

"నాన్నా, చేతులేంటి?"

రెండు చేతుల వెనక భాగాలూ కందిపోయి, వేళ్ళ కణుపులు కనపడనంతగా ఉబ్బి ఉన్నాయి. దీపం వైపున్న చెంప కూడా కుంపటి ముందు కూర్చున్నట్టు ఎర్రగా ఉంది. అత్త మేడ మెట్లు దిగుతూ అక్కడే ఆగిపోయింది.

ముందు అందరూ ఎండనే అనుమానించారు. పొద్దున మేడ మీద ఎక్కడో తగిలి ఉంటుందనుకున్నారు. కాదు, ట్రేలో మందు చేతులకు పడలేదేమో అని కూతురు అంది. ఆస్పత్రికి ఫోన్ చేద్దామంటే మామ ఒప్పుకోలేదు.

"చూస్తే రేపటిది ఆపేస్తారు. పొద్దునకి తగ్గిపోతుంది, తొడుగులు వేసుకుని వెళ్తాను."

"తగ్గకపోతే?"

"తగ్గుతుందన్నానుగా."

"రక్తం కూడా తగ్గుతుందనే అన్నారు కదా" అంది అత్త. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత నాతో అంది. అయినా అనేసి, ఓ పక్కకు వెళ్ళి నర్సుకు ఫోన్ చేసింది.

నర్సు ఓపిగ్గా అడిగింది. ఎండలోకి వెళ్ళారా? లేదు. కిటికీ? లేదు. పగలంతా ఎక్కడున్నారు? డార్క్‌రూమ్‌లో. మరి అక్కడ లైటే ఉండదు కదా?

"ఎర్ర లైటు ఒక్కటేనమ్మా. పెద్దది. నేనే పెట్టాను" అంది అత్త.

"అమ్మా, ముందు ఆయన్ని అక్కడి నుంచి బయటికి తీసుకురండి" అంది నర్సు. "ఆ మందుని లేపేది ఎరుపే. రేపు మేం లోపల వేసేది కూడా ఎర్ర లైటేనమ్మా."

అత్త ఫోన్ పట్టుకుని నిలబడే ఉందట. కూతురు ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకుని మిగతాది మాట్లాడింది. ఇప్పుడే రమ్మన్నారు, డాక్టరమ్మ ఉంది.

మామకు చెప్పినప్పుడు ఆయన చేతుల వైపు చూసుకోలేదు. గోడ వైపు చూశాడు. "ఫాగ్ కొట్టేసింది" అన్నాడు.

ఆ మాట కూతురికీ, అత్తకూ వెంటనే అర్థమైంది. బయటివాళ్ళకు అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను. ఫోటో కాగితానికి వేళ కాని వేళ వెలుతురు తగిలితే, పైకి తెల్లగానే ఉంటుంది. బొమ్మ వేసి ట్రేలో ముంచాక మాత్రం మొత్తం బూడిదరంగు పట్టిపోతుంది. ఇక అది పనికిరాదు. దాన్నే ఫాగ్ కొట్టడం అంటారు. ఒక మూల తగిలినా ప్యాకెట్టంతా అనుమానమే. ఒంట్లో ఎక్కించిన మందంతా అలా ముందే వెలుతురు తిని చచ్చిపోయిందని, రేపు ఎంత లైటు వేసినా ఆ గడ్డకు ఏమీ కాదని మామ లెక్క. మళ్ళీ మందు ఎక్కించేదాకా గడ్డ ఆగదు. కోయడానికి గుండె ఒప్పుకోదు. అంటే ఉన్న ఒక్క దారినీ సొంత చేతులతో సొంత గదిలో మూసేసుకున్నట్టు.

కూతురు కారు తీసింది. మామను వెనక సీట్లో దుప్పటి కప్పి పడుకోబెట్టారు. అత్త పక్కన కూర్చుంది. రోజూ తిరిగే వీధే. ఆ సాయంత్రం ఆవిడకు ఎక్కడ చూసినా ఎరుపే కనపడిందట. ముందు బళ్ళ వెనక లైట్లు, మందుల కొట్టు గుర్తు, టవరు మీద దీపం. కూడలిలో సిగ్నల్ పడగానే ఒళ్ళో శాలువా తీసి కిటికీకి అడ్డంగా పట్టుకుంది.

"అమ్మా, అది అంత దూరంలో ఉంది" అంది కూతురు.

"ఉండనీ."

"ఎరుపు పడిందా?" అని దుప్పటి లోపలి నుంచి మామ అడిగాడు.

"లేదు, మీరు పడుకోండి" అంది అత్త. పచ్చదీపం పడేదాకా చేతులు దించలేదు.

డాక్టరమ్మ గదిలో ఒక మూల చిన్న లైటు తప్ప అన్నీ ఆర్పి ఉంచింది. చేతులు చూసింది, చెంప చూసింది, నాడి చూసింది. నాడి పరిగెడుతోంది.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది.

ఆయన అది వదిలేసి, "మందు పాడైపోయిందా అమ్మా?" అన్నాడు.

ఏ మందు, ఎలా పాడవడం అని ఆవిడకు మొదట అర్థం కాలేదు. ఆయన ఉబ్బిన వేళ్ళతోనే గాలిలో ట్రే గీసి, కాగితం గీసి, ఫాగ్ సంగతి చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డం రాలేదు. మొత్తం విని, జేబులోంచి చిన్న టార్చి తీసి తన వేలి కింద పెట్టి వెలిగించింది. వేలు ఎర్రగా వెలిగింది.

"వేలు దాటి వచ్చింది. నా మోచేతిదాకా వచ్చిందా?"

"రాలేదు."

"మీ దీపమూ అంతే. చర్మంలో ఉన్న మందుకి తగిలింది, అందుకే కాలింది. లోపల పేగులో చీకటే. అక్కడి మందు నిద్ర లేవలేదు. ఒక మూల వెలుతురు పడితే ప్యాకెట్టంతా పోవడానికి మీరు కాగితం కాదు కదండీ."

మామ ఊపిరి వదిలాడు. అత్త మాత్రం వదల్లేదు. "మరి రేపు చేస్తారా?" అంది.

డాక్టరమ్మ వెంటనే చేస్తామని అనలేదు. రాత్రికి ఇక్కడే ఉంచుతామంది. జ్వరం వచ్చినా, బొబ్బలు లేచి చితికినా, ఈ కంగారుకు గుండె లయ తప్పినా ఆలోచించాలి అంది. తెల్లారాక చూసి చెబుతానంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "మా పొరపాటూ ఉంది. ఎండ అన్నాం, పెద్ద లైటన్నాం, రంగు చెప్పలేదు. ఎర్ర దీపం కింద బతికే ఇల్లొకటి ఉంటుందని మాకు తట్టలేదు" అంది.

ఆ రాత్రి సంగతి ఇద్దరూ నాకు పెద్దగా చెప్పలేదు. అత్త ఆయన చేతుల మీద తడి గుడ్డలు మారుస్తూ ఉందట. దీపం పెట్టింది నేనే అని ఆవిడ అన్నప్పుడల్లా, "గది కట్టింది నేనే కదా" అని ఆయన అన్నాడట. అంతే. తెల్లవారాక డాక్టరమ్మ వచ్చి చిటికెన వేలి మీద ఒక్క బొబ్బ చూసింది. దాన్ని చాలాసేపు చూసింది. ఈసీజీ పట్టీ మీది గీతలు చూసింది. తర్వాత నర్సు వైపు తిరిగి, "తీసుకురండి" అంది.

లోపల ఏం జరిగిందో మామకు తెలిసింది తక్కువ. కాస్త మగతగా ఉంది. దారం లోపలికి వెళ్ళడం తెలిసింది. లైటు వేస్తున్నాం అనగానే, తన జన్మలో మొదటిసారి ఎరుపంటే భయం వేసి కళ్ళు మూసుకున్నానన్నాడు. లోపల వెచ్చగా అనిపించింది, నొప్పి లేదు. నొప్పి తర్వాత వచ్చింది. రోజుల తరబడి కడుపు మెలిపెట్టింది, జిగురు పోయింది, అన్నం సయించలేదు. ఇలాగే ఉంటుందని వాళ్ళు ముందే చెప్పారు కాబట్టి అత్త తట్టుకుంది. చెప్పకపోయి ఉంటే చచ్చిపోయేదాన్నంది.

తర్వాత నెలన్నర పాటు ఆ ఇల్లు మసకలో బతికింది. చేతుల మీది చర్మం పొరలు పొరలుగా ఊడి కొత్తది వచ్చింది. డార్క్‌రూమ్‌కు అత్త తాళం వేసి, తాళంచెవి ఎక్కడ పెట్టిందో చెప్పలేదు. ఇంట్లో ఎర్రగా ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటే మాయమయ్యాయి. సోఫా మీది దిండు కూడా బీరువాలోకి పోతుంటే కూతురు చూసి, "అమ్మా, దానికి కరెంటు లేదే" అంది. అత్త నవ్వలేదు, దిండూ బయటికి తీయలేదు. మామ నడవాలో కూర్చుని, గోడవతల నుంచి నాతో మాట్లాడేవాడు. అప్పుడే ఇదంతా ముక్కలు ముక్కలుగా విన్నాను. ఎక్కడైనా నాకు అర్థం కాకపోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు. చెబుతున్నంతసేపు కడుపు గురించి ఆలోచించక్కర్లేదు కదా అనేవాడు.

ఆఖరున మళ్ళీ నీలం వెలుతురు వేసి చూసే రోజు వచ్చింది. ముందురోజు నుంచి మామా అత్తా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదట. కోపం ఏమీ లేదు. నోరు తెరిస్తే ఏం మాట వస్తుందోనని. మందు తాగించారు, కొన్ని గంటలు ఆగారు. ఈసారి అత్తను కూడా లోపలికి రానిచ్చారు. మంచం పట్టీ పట్టుకుని నిలబడింది.

తెల్ల వెలుతురులో గడ్డ ఉన్నచోట పాలిపోయిన మచ్చ కనపడింది. పాత గాయం మానినట్టు ఉంది. డాక్టరమ్మ నీలానికి మార్చింది. గొట్టాన్ని కొంచెం ముందుకు తోసింది, వెనక్కి లాగింది, పక్కకు తిప్పింది. చిన్న ముక్క ఉన్న చోట ఆగింది. అక్కడి నుంచి మళ్ళీ మచ్చ దగ్గరికి వచ్చింది. అంచు వెంబడి చుట్టూ తిప్పింది. ఎంతసేపు చూసిందో ఇద్దరూ చెప్పలేరు. మామ తెర చూడలేదు. తెర చూస్తున్న అత్త ముఖాన్ని చూశాడు. నీలం తప్ప ఆ ముఖం మీద వేరే రంగు పడలేదు.

"మెరుపు లేదు. ఈసారికి లేదు. మూడు నెలలాగి మళ్ళీ చూద్దాం" అంది డాక్టరమ్మ.

మెట్లు దిగుతున్నప్పుడే తగాదా మొదలైంది.

"విన్నావుగా, లేదంది" అన్నాడు మామ.

"ఈసారికి అంది."

"లేదన్న మాట ముందు అంది."

"ఈసారికి అన్న మాట తర్వాత అంది. తర్వాత అన్నదే లెక్కండీ."

బస్సులోనూ అదే. ఎండపొడ తగలని పక్క సీటు వెతికి అత్త ఆయన్ని కూర్చోబెట్టింది. ఈ తాగే మందుకు అంత జాగ్రత్త అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పినా సరే. టిక్కెట్లు ఇచ్చే ఆయన వచ్చి ఎక్కడికి అని అడిగినా ఇద్దరిలో ఎవరూ వినిపించుకోలేదు. స్టూడియో వదిలి రాలేకపోయిన కూతురు ఫోన్ చేసి, ఏమన్నారు, ఏమన్నారు అని అడిగింది. ఫోన్ అత్త చేతిలో ఉంది. ఆవిడ నోరు తెరిచింది. ఏది ముందు చెప్పాలో తోచక, ఫోను ఆయన చేతికిచ్చి కిటికీ వైపు తిరిగింది.

"లేదంట తల్లీ" అన్నాడు మామ. ఇంకేదో అనబోయి అత్త వీపు వైపు చూశాడు. "ఈసారికి" అన్నాడు.